పాత స్లైడింగ్ కిటికీకి "డబుల్ గ్లాస్" అంటే నమ్మకుండ్రి: నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వాళ్లు జాగ్రత్త

ఎండాకాలం ముందు మైకు పెట్టుకుని కాలనీలు తిరిగినోళ్లు ఎవరో మీకు తెలుసు, పేరు రాస్తలేను. "ఫ్రేమ్ మార్చే పని లేదు, ఉన్న కిటికీకే డబుల్ గ్లాస్, ఏసీ బిల్లు సగమైతది" అన్నోళ్లే. వాళ్లు బిగించింది విప్పి చూసినంక రాస్తున్న.

మన ఇండ్లల్ల ఎక్కువగా ఉండేది ముప్పావు ఇంచు అల్యూమినియం స్లైడింగ్. షట్టర్, అంటే జరిగే రెక్క, దాని మందమే 18, 19 ఎంఎం. దాని గాడిల 4 లేకుంటే 5 ఎంఎం అద్దం, చుట్టూ రబ్బరు, అంతే పడుతది. అసలు డబుల్ గ్లాస్ అంటే 5 ఎంఎం అద్దం, 12 ఎంఎం ఖాళీ, మళ్ల 5 ఎంఎం అద్దం. మొత్తం 22. షట్టర్ కంటే అద్దమే మందమైతే గాడిల ఎట్ల కూసుంటది? కూసోదు. అందుకే పాత అద్దానికే లోపలి దిక్కు 3.5 ఎంఎం సన్న అద్దాన్ని ఫోమ్ డబుల్ టేపుతోని అంటించి, అంచుకు సిలికాన్ కొట్టిన్రు. మధ్య ఖాళీ 3 ఎంఎం. అంతకంటే ఎక్కువ ఇస్తే అద్దం షట్టర్ అంచు దాటి పక్క షట్టర్‌కు తగులుతది.

అసలు డబుల్ గ్లాస్‌నే సీల్డ్ యూనిట్ అంటరు. దానికి రెండు అద్దాల నడుమ చుట్టూ స్పేసర్ అనే అల్యూమినియం పట్టీ ఉంటది. దానికి ఖాళీ దిక్కు సన్న రంధ్రాలు, కడుపుల తేమ పీల్చే గింజలు. స్పేసర్‌కూ అద్దానికీ మధ్య బ్యూటైల్ అనే జిగురు రబ్బరు, దాని బయట పాలీసల్ఫైడో సిలికానో, ఇట్ల రెండు సీళ్లు. సిలికాన్ నీళ్లను ఆపుతది గని నీటి ఆవిరిని ఆపలేదు, ఆ పని బ్యూటైల్‌ది. ఇవేవీ లేకుండ అంటిస్తే వానాకాలం తేమ మెల్లగ లోపలికి పోతది, రాత్రి అద్దం చల్లబడంగనే మసక కమ్ముతది, ఆరినంక తెల్ల మరకలు మిగుల్తయి.

సరిగ్గ అదే జరిగింది. పిలిస్తే వచ్చినాయన అన్న మాట ఇది: "గాజన్నంక చెమట పట్టదా అన్నా? గింత దానికి లొల్లేంది, బట్టతోని తుడుచుకోండ్రి." రెండు అద్దాల నడుమ పట్టిన తేమను ఏ బట్టతోని తుడుస్తం? అద్దాల పని చేసేటోనికి ఈ సంగతి తెల్వదా? తెలుసు. తెలిసే ఇంట్ల పెద్దోళ్ల ముందట నిలబడి ఆ మాట అన్నడు. స్పేసర్ ఏదని అడిగితే "గవన్నీ మీకెందుకన్నా" అన్నడు. రేటు సీల్డ్ యూనిట్‌ది తీసుకున్నరు, బిల్లు మీద మాత్రం "గ్లాస్ వర్క్" అని రెండు ముక్కలు. వారంటీ అద్దం పగిలితేనే అంట. తేమకు లేదంట. నష్టపోయిన పైసల కంటే ఆ "తుడుచుకోండ్రి" అన్న మాటే ఎక్కువ మండుతున్నది.

ఇంకా ఉన్నయి. అద్దం చదరపు మీటరుకు, ఒక్కో ఎంఎంకు రెండున్నర కిలోలు తూగుతది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు షట్టర్‌ల 4 ఎంఎం అద్దం ఏడున్నర కిలోల దాకా ఉంటది. ఇప్పుడు అది దాదాపు పద్నాలుగు. రోలర్లు మార్చలేదు, షట్టర్ ట్రాక్‌ను గీసుకుంట పోతున్నది. కింది ట్రాక్‌ల వాననీళ్లు బయటికి పోయే రంధ్రాలను "గాలి రాకుండ" అని సిలికాన్‌తోని మూసిన్రు. జల్లు కొడితే నీళ్లు గదిలకే. మీ దగ్గర ఎవరన్న అట్ల మూస్తే ముందు అది తీపియ్యండ్రి.

అసలు మన ఎండకు ఇది మందే కాదు. ఒంటి తెల్ల అద్దం మీద పడ్డ ఎండ వేడిల 85 శాతం దాకా లోపలికి వస్తది. నిజమైన డబుల్ గ్లాస్ అయినా తెల్లదే అయితే 75 దగ్గర వస్తది. ఏసీ చల్లదనం నిలబెట్టనీకి అది పనికొస్తది, మే నెల పడమటి ఎండను మాత్రం ఆపలేదు. బయట వెదురు తడకో షేడ్ నెట్టో జానెడు దూరంల కడితే ఎండ అద్దాన్ని ముట్టకముందే ఆగుతది. లోపల కర్టెన్ ఎంత మందందైనా, వేడి అప్పటికే ఇంట్లకొచ్చినట్టే.

తడక తర్వాత షట్టర్ అంచులల్ల సందు మూసే ఉన్ని బ్రష్ పట్టీ మార్పియ్యండ్రి. అరిగిన బ్రష్ సందుల నుంచే వడగాలి, దుమ్ము. పాత ముక్క పట్టుకపోయి అదే వెడల్పుది, నిక్కు, అంటే వెంట్రుకల ఎత్తు, పాతదాంట్ల అరగని చోట ఎంతున్నదో అంతే ఉన్నది తీసుకోండ్రి. నిక్కు ఎక్కువైతే షట్టర్ జరగదు. గాడిల జారిపియ్యాలె గని గుంజొద్దు. గుంజితే సాగి, తర్వాత ముడుచుకుని మూలల్ల సందు పడుతది.

ఎండ ఆపనీకి అద్దానికి అంటించే ఫిల్మ్ అమ్మేటోళ్లు ఎర్ర బల్బు ముందర చెయ్యి పెట్టిచ్చి చూపిస్తరు. బల్బు వేడి వేరు, ఎండ వేరు. మొత్తం సౌరశక్తిల ఎంత శాతం ఆపుతదో కాయితం మీద అడగండ్రి. నల్ల ఫిల్మ్ వేడిని పీల్చుకుంటది, అంచులు సరిగ్గ కొయ్యని పాత అద్దమైతే అంచు నుంచి చీలుతది.

నిజంగ డబుల్ గ్లాసే కావాలంటే ఫ్రేమే మారాలె. బిగించే ముందు యూనిట్ అంచుల స్పేసర్ రంధ్రాలు చూడుండ్రి, బిల్లు మీద "5-12-5 సీల్డ్ యూనిట్" అనీ, తేమకు వారంటీ ఎన్నేండ్లనీ రాయిపియ్యండ్రి. మోసపోయినోళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండ్రి. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు పనికి ఫీజు లేదు, రెండేండ్లల్ల కేసు వెయ్యాలె. అద్దాల మధ్య మసక ఫోటో పొద్దుగాల్నే తియ్యండ్రి, ఎండ ఎక్కితే కనపడదు.