నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో చేరాం: మా ఆరోగ్య బీమా పాలసీపై సమీక్ష

నాలుగేళ్లుగా ప్రీమియం తప్పకుండా కడుతున్న మా పాలసీ అసలు విలువ, పిత్తాశయంలో రాళ్ల వల్ల మా అమ్మకు అర్ధరాత్రి విపరీతమైన నొప్పి వచ్చిన రోజున తెలిసింది. ఆమెను ఎన్నో ఏళ్లుగా చూస్తున్న డాక్టరుగారు విజయవాడ సూర్యారావుపేటలో ఉంటారు కనుక నేరుగా అక్కడికే తీసుకువెళ్లాం. ఆ ఆసుపత్రి మా బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, లేదన్న సంగతి, అడ్మిషన్ కౌంటరులో 40,000 రూపాయలు అడ్వాన్సు కట్టమన్నప్పుడు గానీ తెలియలేదు.

నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ నగదు రహిత చికిత్సకు (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతికి) వీలు కల్పిస్తూ, బీమా కంపెనీల సంఘమైన జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 2024 జనవరిలో 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' ప్రకటించింది. ముందే అనుకున్న చికిత్సకైతే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోగా కంపెనీకి తెలియజేయాలి. మేము తెల్లవారగానే ఫోను చేశాం. కానీ ఒప్పందం లేని కంపెనీ మాట మీద బిల్లు కట్టకుండా రోగిని ఇంటికి పంపలేమని ఆసుపత్రివారు చెప్పడంతో, డబ్బంతా మేమే కట్టి, దాన్ని కంపెనీ నుంచి తిరిగి పొందే రీయింబర్స్‌మెంటుకు పెట్టుకోవలసి వచ్చింది.

బిల్లు 1,18,000 అయితే మాకు వచ్చింది 64,800. మా బీమా మొత్తం 3 లక్షలు. గది అద్దె అందులో రోజుకు ఒక శాతానికి, అంటే 3,000కు మించకూడదు. మేము తీసుకున్న గది 6,000. నాలుగు రోజుల అద్దెలో సగం పోతుందని తెలుసు గానీ, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి వేసిన 60,000లో కూడా అదే నిష్పత్తిలో కోసి సగమే ఇస్తారని ఏజెంటు ఏనాడూ చెప్పలేదు. గదిని బట్టి ఫీజులు మారని ఆసుపత్రుల్లో ఈ కోత వేయరాదు, ఇక్కడ మారతాయి. మందులకు, పరీక్షలకు ఈ నిష్పత్తి వర్తించదు కాబట్టి ఆ 34,000లో గ్లౌజుల వంటి వాటి కింద 4,000 మాత్రమే తగ్గించారు. మిగిలిన 72,000లో, నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి అంటూ మరో పది శాతం కో-పే, అంటే మేమే భరించాల్సిన వాటా.

క్లెయిమ్ విభాగంలో మాట్లాడిన అమ్మాయి ఎంతో ఓపికగా వివరించింది, ఆమెను తప్పుపట్టను. అయినా అన్ని కాగితాలూ ఒక్కసారే అడగకుండా, మొదట కేస్ షీటు నకలు, అది పంపాక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ పత్రం, తర్వాత పడకల సంఖ్యపై ధ్రువీకరణ అంటూ మూడుసార్లు తిప్పారు. ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో ఉంచి నాన్నగారు రికార్డుల గది ముందు రెండు పూటలు నిలబడ్డారు. డబ్బు 43వ రోజున జమ అయింది.

ఈ పాలసీకి అయిదింటికి రెండు ఇస్తాను. పాలసీ కాగితాలతోపాటు మన ఊరి నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాను, గది అద్దె కోత పై విధంగా లెక్కకట్టిన ఒక ఉదాహరణను తెలుగులో అచ్చువేసి ఇస్తే మూడు ఇస్తాను.