డ్రెస్డెన్‌లో కారు పెళ్లి చూసొచ్చాం

మా నాన్న విశాఖ స్టీల్‌ప్లాంటులో చేశారు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అంటూ మా ఇంట్లో నిద్ర, భోజనం, సినిమా అన్నీ ఆయన డ్యూటీ చార్టు ప్రకారమే జరిగేవి. అన్నేళ్లలో ఆ గేటు దాటి లోపల ఆయన ఏం చేస్తారో మేం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటికొచ్చాక చొక్కా కాలరు మీద ఎర్ర దుమ్ము కనిపించేది, అంతే. అందుకే మా తమ్ముడు "అక్కా, ఇక్కడో ఫ్యాక్టరీ ఉంది, గోడలన్నీ గాజే, లోపల కార్లు బిగిస్తుంటే రోడ్డు మీంచి కనపడతాయి" అన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

తమ్ముడు జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడి యూనివర్సిటీ దగ్గర ట్రామ్ ఎక్కితే రెండు స్టాపులు దాటేలోపు తెలుగు చెవిన పడుతుంది. 2024 జూలైలో నేను, మా ఆయన, పదకొండేళ్ల మా బాబు వాడి దగ్గరికి వెళ్లాం. కెమ్నిట్జ్ నుంచి డ్రెస్డెన్‌కి రైల్లో గంట. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దాం అనుకున్నది కాస్తా రెండు రాత్రులైంది. తప్పు మాదే, ఎందుకో చెప్తాను.

ఫోక్స్‌వాగన్ వాళ్ల ఆ ఫ్యాక్టరీ పేరు గ్లేజర్నె మానుఫక్టూర్. మన మాటల్లో గాజు కర్మాగారం అనుకోవచ్చు. ఊరి బయట పారిశ్రామికవాడలో వెతకక్కర్లేదు, నగరం నడిమధ్య ష్ట్రాస్‌బుర్గర్ ప్లాట్స్ అనే కూడలిలో ట్రామ్ దిగితే ఎదురుగానే ఉంటుంది. ఒక పక్క బొటానికల్ గార్డెన్, వెనక గ్రోసర్ గార్టెన్ అనే పెద్ద తోట. పొగగొట్టం లేదు. పొగగొట్టం ఉండాల్సిన చోట 40 మీటర్ల గుండ్రటి గాజు గోపురం, దాంట్లో అరల్లో పెట్టిన బొమ్మల్లా కార్లు. మా బాబు "మామయ్యా, ఇది షోరూమా ఫ్యాక్టరీయా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు నాకూ రెండు రోజుల దాకా దొరకలేదు.

గైడుతో తిరిగే టూరుంటేనే ఉత్పత్తి జరిగే చోటికి వెళ్లనిచ్చేవారు. మేం బుక్ చేసుకోకుండా వెళ్లాం. ఆ పూట మిగిలింది జర్మన్ టూరు ఒక్కటే. తమ్ముడు అనువాదం చేస్తానన్నాడు కానీ వాడి జర్మన్ బిస్కెట్లు కొనడం వరకే అని నాకు తెలుసు. మర్నాటి ఇంగ్లిష్ టూరుకి టికెట్లు తీసుకున్నాం. పెద్దవాళ్లకి తలా పది యూరోల లోపే. అలా అనుకోకుండా ఊళ్లో రాత్రి బస పడింది.

మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో ఒక హోటల్. పేరు చెప్పను. గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది, కానీ ఏసీ లేదు. బయట 33 డిగ్రీలు, కిటికీ బెత్తెడు కంటే ఎక్కువ తెరుచుకోదు. రిసెప్షన్‌లో ఫ్యాను అడిగితే ఉన్నవి రెండే, రెండూ ఇచ్చేశాం అన్నారు. విశాఖ ఉక్కపోతలో పుట్టి పెరిగినదాన్ని, జర్మనీలో తడిగుడ్డ మెడకేసుకుని పడుకున్నాను. గదిలో కెటిల్ కూడా లేదు. బిల్లు మీద నగరం వసతి పన్ను విడిగా వేశారు, అది ఎక్కడ దిగినా తప్పదనుకోండి. రెండో రాత్రికి ఎల్బా నది అవతల నోయ్‌స్టాట్‌లో వంటగది ఉన్న అపార్టుమెంటుకి మారాం. ఆ పేటలో రాత్రి పన్నెండు దాకా కుర్రకారు కేకలు వినిపిస్తూనే ఉంటాయి, అయినా హాయిగా ఉంది. సూపర్‌మార్కెట్లో పెరుగు, బియ్యం దొరికాయి. మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా ఉండనే ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదటి రోజే అటు దిగండి. ట్రామ్‌కి ఫ్యామిలీ డే టికెట్ తీసుకుంటే దూరం లెక్కలోకి రాదు.

ఇక టూరు.

లోపలికి అడుగు పెట్టగానే నన్ను ఆపేసింది నేల. కెనడా మేపుల్ చెక్క. 24 వేల చదరపు మీటర్ల పైన పరిచారట. ఫ్యాక్టరీ అంటే గ్రీజు మరకలు, సిమెంటు గచ్చు, చెవులు పగిలే చప్పుడు అనుకునే బుర్రకి ఇది ఎక్కదు. మన దగ్గర కొత్త ఇంట్లో కూడా ఇంత నునుపు నేల వేయించుకోం. పైగా ఆ చెక్క నేలలోనే ఒక పట్టీ మెల్లగా జరుగుతూ ఉండేది. దాని మీద కారు, కారు పక్కన మనిషి, అతని స్పానర్లు, పెట్టెలు, అన్నీ కలిసి కదిలేవి. ఎంత మెల్లగా అంటే, చూస్తుంటే తెలిసేది కాదు. పక్కనున్న స్తంభం వెనక్కి పోయిందేమిటా అనుకున్నప్పుడు తెలిసేది. కొన్నిచోట్ల కారు పైనుంచి వేలాడే పట్టాల మీద వెళ్లేది. కింద పని ఉన్నప్పుడు దాన్నే పక్కకి తిప్పేవారు, మనిషి మెడ ఎత్తి పని చేయాల్సిన అవసరం ఉండేది కాదు. మా నాన్న మెడనొప్పి గుర్తొచ్చింది.

మేం వెళ్లినప్పుడు అక్కడ బిగిస్తున్నది ఐడీ.3 అనే బ్యాటరీ కారు. రంగు వేసిన బాడీలు జ్వికావ్‌లోని పెద్ద ప్లాంటు నుంచి వచ్చేవి, బ్యాటరీలు బ్రౌన్‌ష్వైగ్ నుంచి, మోటారు కాసెల్ నుంచి. ఇక్కడ జరిగేది చివరి కూర్పు మాత్రమే. ప్రెస్సు షాపు లేదు, వెల్డింగు లేదు, పెయింటు షాపు లేదు. చప్పుడు చేసేవీ, వాసన వచ్చేవీ వేరే ఊళ్లలో ఉంచి, చూడటానికి బాగుండేది మాత్రం ఇక్కడ పెట్టారన్నమాట. ఇది గైడు చెప్పలేదు, మా ఆయన నా చెవిలో అన్నాడు. నిజమే కానీ అదీ కారు తయారీలో భాగమే కదా, అన్నాను.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టిన చోటు 'హోఖ్‌త్సైట్'. జర్మన్‌లో పెళ్లి అని అర్థం. కార్ల ఫ్యాక్టరీల్లో అందరూ వాడే మాటేనట. కిందనుంచి బ్యాటరీ పలక, చక్రాల ఇరుసులు, వెనక మోటారు ఒక బల్ల మీద సిద్ధంగా వచ్చేవి. పైనుంచి బాడీ దిగేది. రెండూ ఒకదానికొకటి చేరి బోల్టులు పడ్డాయంటే పెళ్లయిపోయినట్టే. పెట్రోలు కారయితే గేరుబాక్సు, సైలెన్సరు గొట్టం, ట్యాంకు ఇలా చుట్టాలు బోలెడు. ఇక్కడ వందల కిలోల బ్యాటరీ ఒక్కటే పెద్ద పెళ్లికూతురిలా బాడీ నేలంతా ఆక్రమించి కూర్చునేది. "ముహూర్తం ఎంతసేపు?" అని మా ఆయన గైడుని అడగబోతే నేను ఆపాను, ఇంగ్లిష్‌లో ఆ మాటకి నవ్వు రాదు. అక్కడ పనిచేస్తున్న ఒకాయన మా బాబు గాజుకి ముక్కు ఆనించి చూస్తుంటే గమనించి, చేతిలోని బోల్టు బిగించే మిషను ఒక్కసారి ఊరికే గిర్రుమనిపించి కన్నుగీటాడు. వాడు ఆ రోజంతా దాని గురించే చెప్పాడు.

గైడు చెప్పిన చరిత్ర వింటే ఈ భవనం ఇంత ఆర్భాటంగా ఎందుకుందో అర్థమవుతుంది. వాస్తుశిల్పి గుంటర్ హెన్. 2001 డిసెంబర్‌లో తెరిచారు, ఖర్చు 18 కోట్ల 60 లక్షల యూరోలు. ఎలక్ట్రిక్ కార్ల కోసం కట్టింది కాదిది. ఫేటన్ అనే విలాసవంతమైన కారు కోసం కట్టారు. ఫెర్డినాండ్ పీయెఖ్ కంపెనీని నడిపిన రోజుల్లో మెర్సిడెస్, బీఎండబ్ల్యూలతో సమానంగా నిలబడాలన్న పంతంతో తెచ్చిన బండి అది. కొన్నవాళ్లు వచ్చి తమ కారు తయారవుతుంటే చూసి, ఇక్కడే తాళాలు తీసుకుని నడుపుకుంటూ వెళ్లాలన్నది ఆలోచన. అందుకే చెక్క నేల, గాజు గోడ. కానీ అంత డబ్బు పెట్టి ఫోక్స్‌వాగన్ బ్యాడ్జీ ఉన్న కారు కొనేవాళ్లు అనుకున్నంతమంది రాలేదు. 2016 మార్చిలో ఫేటన్ ఆగింది. తర్వాతి ఏడాది నుంచి 2020 దాకా ఈ-గోల్ఫ్ అనే బ్యాటరీ కారు, 2021 జనవరి నుంచి ఐడీ.3.

ఇంకో ముచ్చట. విడిభాగాలు తెచ్చే లారీలు నగరం మధ్యలో తిరగకుండా, ఊరి పట్టాల మీదే ఒక సరుకు ట్రామ్ నడిపారు. నీలం రంగు, దాదాపు 60 మీటర్ల పొడవు, పేరు కార్‌గోట్రామ్. జనం ఎక్కే ట్రామ్‌ల మధ్య నుంచి కారు ముక్కలతో వెళ్లేదట. 2020 చివర్లో ఆపేశారు. మేం చూడలేకపోయిన వాటిలో నాకు నిజంగా బాధ అనిపించింది దాని గురించే. 2002 ఆగస్టు వరదల్లో ఎల్బా పొంగి ఊరి ప్రసిద్ధ సెంపర్ ఒపేరా థియేటరు మునిగితే, వాళ్ల 'కార్మెన్' ప్రదర్శన ఈ ఫ్యాక్టరీలో వేశారు. ఆ చెక్క నేల చూశాక అందులో వింతేమీ లేదనిపించింది.

సేవల సంగతి: సిబ్బంది మర్యాద బాగుంది, ఇంగ్లిష్ ఇబ్బంది లేదు, టాయిలెట్లు మా హోటల్ గదికంటే చల్లగా ఉన్నాయి. కింద ప్రదర్శనలో చార్జింగు, బ్యాటరీల గురించి పిల్లలు ముట్టుకుని చూసేవి ఉన్నాయి కానీ సగం కంపెనీ ప్రచారమే. ముందే బుక్ చేసుకుంటే కారు నడిపి చూడనిచ్చేవారు. మా దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ లేదు, మా ఆయన మొహం చిన్నబోయింది.

బయటికొచ్చి తోటలోకి నడవండి. అక్కడ బుల్లి రైలుంది. 1950 నుంచి నడుస్తోంది, 5.6 కిలోమీటర్ల చుట్టు. టికెట్లు కొట్టేది, జెండా ఊపేది, స్టేషన్ చూసుకునేది అంతా బడి పిల్లలే, ఇంజను మాత్రం పెద్దవాళ్లు నడుపుతారు. ఆవిరి ఇంజన్లతో పాటు బ్యాటరీ ఇంజన్లూ ఉన్నాయి. మా వాడి వయసు పిల్లాడే యూనిఫాం వేసుకుని వాడి టికెట్‌కి చిల్లు కొట్టి, గంభీరంగా 'డాంకె' (థాంక్స్) అన్నాడు. ఫ్యాక్టరీ చూడటానికి డ్రెస్డెన్ దాకా వెళ్లాలా అంటే ఆలోచిస్తాను, ఫ్యాక్టరీ, ఈ రైలు కలిపి అయితే ఆలోచించక్కర్లేదు.

మూడో రోజు మైసెన్ వెళ్లాం, ఎస్-బాన్ రైల్లో 40 నిమిషాల లోపే. 1710లో మొదలైన పింగాణీ కర్మాగారం, యూరప్‌లో మొదటిది. సందర్శకుల కోసమే పెట్టిన నాలుగు గదుల్లో ఒక్కో కళాకారుడు కూర్చుని సారె తిప్పడం, అచ్చు పోయడం, రంగు వేయడం చేసి చూపిస్తారు. ఒకావిడ వెంట్రుకవాసి కుంచెతో పువ్వు రేకు దిద్దుతుంటే మేం ఊపిరి బిగబట్టాం. కానీ అది మనకోసం చేసి చూపించేది, గది మారగానే మళ్లీ మొదటి నుంచి. డ్రెస్డెన్‌లో మనం చూసినా చూడకపోయినా ఆ కారు బయటికెళ్లాల్సిందే, ఎవరో కొనాల్సిందే. నాకు రెండో రకమే నచ్చింది. ఇక మైసెన్ దుకాణంలో కప్పు ధర చూసి మేం ఇద్దరం ఏకకాలంలో చేతులు వెనక్కి కట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో బెర్లిన్ నుంచి వోల్ఫ్స్‌బుర్గ్ కూడా చూశాం, రైల్లో గంట. అక్కడి ఆటోస్టాట్ 2000లో తెరిచారు, ఫ్యాక్టరీ పక్కనే కట్టిన కార్ల తిరనాళ్ల లాంటిది. 48 మీటర్ల జంట గాజు గోపురాలు, ఒక్కోదాంట్లో 400 కార్లు, మధ్యలో లిఫ్టు కారుని తీసి కొన్నవాళ్లకి దింపుతుంది. పాత కార్ల మ్యూజియం ట్సైట్‌హౌస్ ఒక్కటి చాలు రోజు గడవడానికి. ఈ కంపెనీ 1973 నుంచి సొంతంగా సాసేజీలు కూడా చేస్తుంది, వాటికి కారు విడిభాగంలాగా పార్టు నంబరు ఉంది! శాకాహారం తినే మా ఆయనకి మాత్రం బంగాళాదుంపలే దిక్కయ్యాయి. పిల్లలున్నవాళ్లకి డబ్బుకి తగ్గ చోటు వోల్ఫ్స్‌బుర్గే. కాళ్లు మాత్రం పీకుతాయి.

ఇప్పుడు వెళ్లేవాళ్లకి ముఖ్యమైన మాట. డ్రెస్డెన్‌లో కార్ల తయారీ 2025 డిసెంబర్‌లో ఆపేశారు. 24 ఏళ్లలో అక్కడ బయటికొచ్చినవి రెండు లక్షల లోపే. పెద్ద ప్లాంట్లకి అది ఏడాది లెక్క కూడా కాదు. భవనంలో కొంత భాగం డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధనలకి ఇస్తున్నారు. కాబట్టి పెళ్లి చూద్దామని ప్లాను వేసుకోకండి. వెళ్లేముందు ఏం చూపిస్తున్నారో కనుక్కోండి.

ఆ వార్త తమ్ముడే పంపాడు, ఫోటోతో. చివరి కారు ఎర్ర రంగు ఐడీ.3, అమ్మకుండా అక్కడే ఉంచుతారట, ఒళ్లంతా పనిచేసినవాళ్ల సంతకాలతో. మా బాబు ఫోన్ లాక్కుని ఆ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు వెతికాడు. కన్నుగీటిన ఆయన పేరు మాకు తెలియదు కదరా అన్నాను. "చూస్తున్నానంతే" అన్నాడు.