గెంతే వాలబీ, మాట్లాడే ఖైదీ

సిరిమానోత్సవానికి మెల్‌బోర్న్ నుంచి విజయనగరం వచ్చిన మా మేనల్లుడు, అక్కడి సూపర్‌మార్కెట్లలో చవకగా దొరికే రెండు వైన్ల ఖాళీ సీసాలు చూపించాడు.

మొదటిది ఎల్లో టెయిల్. ఆస్ట్రేలియాకు చెందిన కాసెల్లా కుటుంబం 2001లో దీన్ని అమెరికాలో అమ్మకానికి పెట్టినప్పుడు షార్డనే, షిరాజ్ అనే రెండు రకాలే ఉండేవి. రుచిని వర్ణించే పెద్ద మాటలేవీ లేకుండా గెంతుతున్న వాలబీ (కంగారూను పోలిన చిన్న జంతువు) బొమ్మనూ కొట్టొచ్చే రంగులనూ నమ్ముకోవడంతో, వైన్ పేర్లు పలకడానికే జంకేవారికి ఎంపిక సులువైంది.

రెండవది నైన్‌టీన్ క్రైమ్స్. బ్రిటన్ ఒకప్పుడు ఆస్ట్రేలియాకు ద్వీపాంతర శిక్ష విధించిన పంతొమ్మిది నేరాలను గుర్తుచేసే పేరది. లేబుల్‌పై నిజమైన ఖైదీల ఫొటోలుంటాయి. 2017లో వచ్చిన యాప్ తెరిచి ఫోన్‌ను అటు తిప్పితే, ఆ ఖైదీ పెదవులు కదిపి తన కథ చెబుతాడు. “ఇదేటిరా, బొమ్మ మాటాడతంది!” అంటూ మా అప్ప మళ్లీ చూపించమంది; మూడోసారి మాత్రం అడగలేదు.

కొత్తదనం నలుగురి నోటా పడేందుకు ఖైదీయే మేలు. అయితే అమ్మకం జరిగే చోటు దుకాణంలోని అల్మారా. అక్కడ నిలబడి యాప్ దించుకునే ఓపిక ఎందరికుంటుంది? వాలబీని పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టవచ్చు, ఖైదీ చాలాసార్లు సీసా ఇంటికి చేరాకే నోరు విప్పుతాడు.