కోఠి ఫొటో షాపు: మా తాతయ్య ఎక్కిన ఓడ పేరు దొరికింది

కోఠి గుజరాతీ గల్లీ దగ్గర, మెట్లెక్కి వెళ్లాల్సిన ఓ చిన్న షాపులో పాత ఫొటోలు బాగుచేస్తారు. వాళ్ల పనికి అయిదుకి అయిదు ఇస్తాను.

ఫొటో మా తాతయ్యది. 1937లో మలయా రబ్బరు తోటల నుంచి తిరిగొచ్చి మద్రాసు రేవులో తీయించుకున్నారు. వెనకాల ఓడ. చెమ్మకి సగం బూజు పట్టేసింది. ముందు ఇంకోచోట ఇస్తే కంప్యూటర్లో వేసి తాతయ్యకి ఎవరివో కళ్లు పెట్టారు, ఓడ మీది అక్షరాల్ని పిచ్చిగీతలు చేశారు. ఈ షాపాయన మాత్రం మొదటే చెప్పాడు: "లేనిది గీయనమ్మా, ఉన్నదే తేటగా చూపిస్తా." మెత్తటి బ్రష్‌తో బూజు దులిపి, స్కాన్ చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముక్కముక్కా పెద్దది చేసి చూపించాడు. నల్ల పొగగొట్టానికి రెండు తెల్ల పట్టీలు. ఓడ ముక్కు దగ్గర కూడబలుక్కుని చదివాం: ఆర్, ఓ, హెచ్, ఎన్, ఏ. రోహ్నా.

ఇంటికొచ్చి దాని గురించి చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1926లో కట్టిన బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ. మద్రాసు, సింగపూరు మధ్య తిరిగేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక సైనికుల్ని మోయడానికి పెట్టారు. 1943 నవంబరు 26 సాయంత్రం, కేఎంఎఫ్-26 అనే కాన్వాయ్‌లో, అంటే కలిసి నడిచే ఓడల గుంపులో, అల్జీరియా తీరం పక్కగా వస్తుంటే, జర్మన్ విమానం రేడియోతో నడిపే బాంబు వేసింది. 1,015 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. వాళ్లు బయల్దేరింది మన దేశానికే. పయొనీర్ అనే నౌక 606 మందిని నీళ్లలోంచి పైకి లాగింది. ఎలా పోయారన్నది ఇళ్లవాళ్లకి అమెరికా ప్రభుత్వం చాలాకాలం చెప్పలేదు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మనవాళ్లే, వాళ్లలోనూ వందమందికి పైగా పోయారు. తాతయ్యకి డెక్కు మీద అన్నం వడ్డించిన మనిషి అందులో ఉన్నాడేమో.

తొమ్మిది రోజులు పట్టింది, 1,400 తీసుకున్నారు. ఫ్రేములు నాసిరకం, బయట కట్టించుకోండి. మెట్లు నిటారు, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు.

84 ఏళ్ల మా నాన్న భూతద్దం పెట్టుకుని ఆ అయిదు అక్షరాలూ మళ్లీమళ్లీ చదువుతున్నారు. ఓడ ఒక్కటే పెద్ద సైజులో కావాలన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.