ఎక్స్‌బాక్స్ లైవ్, పీఎస్2 ఆన్‌లైన్: ఏది మేలు?

2002లో అమెరికాలో టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోల్‌ని నెట్‌కి కలపాలంటే ముఖ్యంగా ఈ రెండూ ఉండేవి: మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కి లైవ్ అనే ఆన్‌లైన్ సేవ, సోనీ ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కి దాని ఆన్‌లైన్. ఆగస్టులో సోనీ పీఎస్2కి నెట్‌వర్క్ అడాప్టర్ (కన్సోల్‌ని నెట్‌కి కలిపే పరికరం) తెచ్చింది, ధర 40 డాలర్లు. సోనీకి చందా కట్టక్కర్లేదు, పైగా అందులో మోడెమ్ కూడా ఉంది కాబట్టి ఫోన్ లైన్ మాత్రమే ఉన్నవాళ్లు కూడా కొన్ని గేములు ఆడుకోగలిగారు. అప్పటికి చాలా ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ లేదు, అందుకే ఇది పెద్ద విషయమే.

నవంబర్‌లో వచ్చిన ఎక్స్‌బాక్స్ లైవ్ మాత్రం బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లను గుమ్మంలోనే ఆపేసింది. 50 డాలర్ల కిట్‌లో ఏడాది చందా, హెడ్‌సెట్ ఇచ్చారు.

అసలు తేడా ఆడటం మొదలుపెట్టాకే తెలిసేది. పీఎస్2లో ఏ కంపెనీ సర్వర్ దానిదే, గేమ్ మారితే చాలు మళ్లీ కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్, ఫ్రెండ్స్‌ని మొదటినుంచీ వెతుక్కోవడం, అదీ కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం ఎంచుకుంటూ. విసుగు పుట్టదా మరి! లైవ్‌లో అన్నిటికీ ఒకే గేమర్‌ట్యాగ్ (ఆటగాడి పేరు), ఒకే ఫ్రెండ్స్ లిస్ట్, మీరు వేరే గేమ్‌లో ఉన్నా ఫ్రెండ్ పిలుపు అందేది. 2004లో హాలో 2 అనే షూటింగ్ గేమ్ వచ్చాక, అందులో ఎక్కడ ఆడాలా అని సర్వర్ల జాబితా తిరగేసే పనే లేదు, మీ స్థాయి ఆటగాళ్లను ఆ గేమే చూసి కలిపేది.

నా ఓటు లైవ్‌కే. కానీ అంతా ఒకరి చేతిలో ఉండటంలో నష్టం కూడా ఉంది: 2010 ఏప్రిల్ 15న మైక్రోసాఫ్ట్ పాత ఎక్స్‌బాక్స్‌కి లైవ్ ఆపేయగానే అన్ని గేముల ఆన్‌లైన్ ఒక్కసారే పోయింది. పీఎస్2లో ఏ కంపెనీ సర్వర్ దానిదే కాబట్టి, ఫైనల్ ఫాంటసీ 11 అనే ఆన్‌లైన్ గేమ్ అయితే 2016 దాకా నడిచింది.