జీపు అడుగు కడగడానికి ఏది మేలు: ప్రెషర్ వాషరా, లిఫ్టా, మామూలు పైపా?

మొన్న వానల్లో జీపుని వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చి, లిఫ్టెక్కించి, అడుగంతా కడిగించాను. నల్లగా మెరుస్తున్న చాసీ చూసుకుని మురిసిపోతూ ఇంటికొచ్చాను. తెల్లారి చూస్తే బండి కింద గచ్చు మీద బురద చుక్కలు. చాసీ గొట్టానికి అడుగున నీళ్ళు కారిపోవడానికి ఉంచిన కన్నంలో స్క్రూడ్రైవర్ పెట్టి కెలికితే గుప్పెడు మట్టి ఊడిపడింది. దాన్ని గుడ్డలో కట్టి పిండి, వచ్చిన చుక్కని, చెరువు నీళ్ళలో ఉప్పెంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ మీద వేశాను. సెలినిటీ 8, అంటే లీటరుకి దాదాపు 8 గ్రాముల ఉప్పు!

నా పని నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద. వానాకాలంలో ఆ గట్లెక్కాలంటే ఫోర్‌వీల్ డ్రైవ్ వెయ్యాల్సిందే. సముద్రపు నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే, మేం తిరిగే చెరువుల్లో 10, 15 ఉంటుంది. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను లాక్కుని తనే తడిసిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది అందుకే. డెల్టాలో రాత్రిళ్ళు ఆ మాత్రం తేమ ఎప్పుడూ ఉండేదే. అంటే బండి షెడ్డులో ఎండి ఉందనుకుంటున్నా, ఉప్పంటిన చాసీ రాత్రంతా తడుస్తూనే ఉంటుంది.

ఇంట్లో వాడే ప్రెషర్ వాషర్ నాకూ ఉంది. 120 బార్ వరకూ కొడుతుంది. చక్రాల గూళ్ళలో, కమాన్ పట్టీల మీద గట్టిపడిన నల్లమట్టిని ఊడగొట్టడంలో దానికి సాటి లేదు. కాకపోతే అది నిమిషానికి పోసేది ఆరు లీటర్లే. పైగా మనం నేలమీద పడుకుని కొడతాం కాబట్టి కంటికి కనిపించిన చోటే శుభ్రమవుతుంది. డీజిల్ ట్యాంక్ పైభాగం, చాసీ గొట్టం వీపు, లోపలి గోడలు అలాగే ఉండిపోతాయి. దగ్గర పెట్టి కొడితే ఇంకో నష్టం. హబ్ సీళ్ళు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, వైరింగ్ కనెక్టర్లు అంత ఒత్తిడికి చేసినవి కావు. గ్రీజు బయటికి పోయి నీళ్ళు లోపల చేరతాయి. తుప్పు తప్పించబోయి బేరింగ్ మార్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. అందుకే ఇప్పుడు నాజిల్ అడుగు దూరానికి తక్కువ పెట్టను.

సర్వీసింగ్ లిఫ్ట్‌తో లాభం, బండి తలపైకి లేస్తుంది. నిలబడి, లైటేసి, ఏ మూల పొక్కు లేచిందో, ఏ బ్రాకెట్ పెచ్చులూడుతోందో చూడొచ్చు. ఆ చూపు కోసమే డబ్బివ్వొచ్చు. నీళ్ళ సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలి. మా వైపు చాలా చోట్ల బోరు నీళ్ళే. అనుమానమొచ్చి ఒకచోట గొట్టం నీళ్ళు చూస్తే సెలినిటీ 3 ఉంది. ఓనరుకి చూపిస్తే, "మీ చెరువుకంటే నయమే కదండీ" అన్నాడు. నిజమే, కాదనలేం! కడగడం అయ్యాక పాత ఇంజినాయిల్ కొట్టమంటారా అని కూడా అడుగుతారు. వద్దనండి. రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, దుమ్మంతా పట్టుకుంటుంది, బ్రేకుల మీద పడితే మరీ ప్రమాదం.

ఇక మామూలు పైపు. వినడానికి చప్పగా ఉంటుంది గానీ ఉప్పు వదిలించడానికి నా ఓటు దీనికే. ఉప్పుని కొట్టి ఊడగొట్టక్కర్లేదు, కరిగించి పారిస్తే చాలు. దానికి కావాల్సింది నీళ్ళ ఒత్తిడి కాదు, నీళ్ళు, కాస్త టైమూ. మా ఇంటి అర హెచ్‌పి మోటారు నిమిషానికి 30 లీటర్లు పోస్తుంది. ఇరవై నిమిషాలకి 600 లీటర్లు. ప్రెషర్ వాషర్ అంతసేపు కొట్టినా 120 దాటదు. తోటలో తిప్పే స్ప్రింక్లర్‌ని బండి కింద పెట్టి, ముందు నుంచి వెనక్కి నాలుగుసార్లు జరుపుతాను. తర్వాత సన్న పైపు చాసీ కన్నాల్లోకి దూర్చి, అవతలి కన్నంలోంచి కారేదాకా వదిలేస్తాను. లోపలి మట్టిని కదిలించేది ఇదొక్కటే. మిగతా రెండూ బయట చర్మం కడిగేవే. నీళ్ళు మాత్రం తియ్యటివై ఉండాలి. కాలువలు కట్టేసే వేసవిలో అన్ని నీళ్ళు దొరకవు. అప్పుడు డ్రమ్ములో మంచినీళ్ళు పట్టుకుని ప్రెషర్ వాషర్‌కే పెడతాను, లేకపోవడం కంటే నయం.

కాబట్టి నా వరస ఇది. గట్టు దిగిన రోజు సాయంత్రమే, మట్టి ఎండకముందే పైపు. మట్టి ఎండిపోతే ముందు ప్రెషర్, వెంటనే పైపు. వానలు వెళ్ళాక ఒకసారి లిఫ్ట్, అదీ కడిగించడానికి కంటే చూసుకోవడానికి. ఎలా కడిగినా సైలెన్సర్ చల్లారాకే మొదలుపెట్టి, అయ్యాక రెండు కిలోమీటర్లు తిప్పి బ్రేకులు ఆరబెట్టి, షాఫ్ట్ నిపుళ్ళకి గ్రీజు కొట్టిస్తాను. అండర్‌కోటింగ్, అంటే అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత, వేయించే ఆలోచనుంటే లోపలి ఉప్పు పోయాకే. తడి మట్టి మీద వేస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే.

కన్నంలోంచి కారే చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద సున్నా చూపించేదాకా పైపు తియ్యడం మానేశాను. మొదటిసారి అందుకు నలభై నిమిషాలు పట్టింది.