రేడియేటర్ బ్లీడ్ వాల్వు కొంటున్నారా? ‘అర అంగుళం’ అన్న మాటను నమ్మి మేము మోసపోయాం

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో రేడియేటర్ పై మూలన ఉండే బ్లీడ్ వాల్వు కారుతున్నా, తుప్పు పట్టినా, ‘అన్ని రేడియేటర్లకూ సరిపోతుంది’ అని ఆన్‌లైన్‌లో అమ్మే చవక వాల్వుల ప్యాకెట్టు దయచేసి కొనకండి. ఆరు పౌండ్లు పెట్టి కొన్న ఆ ప్యాకెట్టు వల్ల మాకు ఒక రేడియేటర్ పాడైంది, కింది గది సీలింగు తడిసి మరకలు కట్టింది, మేడ మీది తివాచీ తీసి పారేయవలసి వచ్చింది.

మాది రెడింగ్‌లో పాత ఇల్లు. నవంబరులో మా అత్తగారు ఖమ్మం నుంచి వచ్చి మేడ మీద చిన్న గదిలో ఉన్నారు. రెండో రోజు ఉదయమే ఆవిడ పిలిచి, “ఈ ఇనప పలక మూల చెమ్మగా ఉంది, చూడమ్మా” అన్నారు. వాల్వు చుట్టూ గోధుమరంగు తుప్పు పేరుకుని ఉంది. గంటకో చుక్క చొప్పున నీరు ఊరుతోంది. ఆవిడ అప్పటికే కింద ఒక స్టీలు గిన్నె పెట్టారు.

కొత్తగా వచ్చినవారి కోసం కొంచెం చెబుతాను. మన ఊళ్ళలో రేడియేటర్ అంటే కారుకో లారీకో ఉండేది. ఇక్కడ బాయిలర్ వేడి చేసిన నీరు గొట్టాల గుండా ఇల్లంతా తిరుగుతూ గదిగదిలో ఉన్న రేడియేటర్లను వేడెక్కిస్తుంది. లోపల చేరిన గాలి పైకి వెళ్ళి మూలన నిలిచిపోతే రేడియేటర్ కింది భాగం వేడిగా, పై భాగం చల్లగా ఉంటుంది. ఆ గాలిని బయటికి వదలడానికే బ్లీడ్ వాల్వు. నాలుగు పలకల చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పితే గాలి బుస్సుమని పోతుంది, నీరు కనబడగానే మళ్ళీ బిగించాలి. అంతే దాని పని. కానీ అక్కడ మర (వాల్వును తిప్పి బిగించే స్క్రూ గాళ్ళు) సరిగా కూర్చోకపోతే ఇంటి మొత్తం గొట్టాల్లో ఉన్న నీటికి అదే దారి అవుతుంది.

మేము కొన్న ప్యాకెట్టులో నాలుగు వాల్వులు, ఒక తాళంచెవి ఉన్నాయి. ‘అసలైన ఇత్తడి, అర అంగుళం’ అని రాశారు. మా పాతది కూడా అర అంగుళమే కాబట్టి రెండో ఆలోచన లేకుండా కొన్నాం. మావారు హీటింగ్ ఆపి, రేడియేటర్ రెండు వైపులా ఉన్న వాల్వులు మూసి, పాతది విప్పి కొత్తది పెట్టారు. మూడు చుట్లు సులువుగా తిరిగింది. ఆ తర్వాత పట్టేసింది. అక్కడే ఆగవలసింది. మన ఇళ్ళలో కుళాయి కారితే ప్లంబరు దారం చుట్టి, సఫేదా పూసి, గట్టిగా బిగించేస్తాడు కదా. ఆ అలవాటుతో తెల్ల టేపు పది పన్నెండు చుట్లు చుట్టి పానాతో బిగించాం. కారడం ఆగింది. పని అయిపోయిందనుకున్నాం.

తొమ్మిది రోజులు ఒక్క చుక్క కూడా రాలేదు. పదో రోజు తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి చూస్తే బాయిలర్ ఆగిపోయి ఉంది. ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉండాల్సిన ప్రెజరు ముల్లు సున్నా దగ్గర ఉంది. కింది గది సీలింగు మీద పళ్ళెమంత నల్లటి మరక. మేడ మీద తివాచీ మీద అడుగు పెడితే నల్లనీళ్ళు పైకి ఉబికాయి. ఆ నీరు మామూలు నీరు కాదు. ఏళ్ళ తరబడి లోపలి ఇనుము తుప్పు పట్టి, ఆ పొడి కలిసి నల్లబడిన నీరు. తివాచీకి పట్టిందంటే వదలదు. డెబ్భై ఏళ్ళ మనిషి ఆ చలిలో, ఆ తడిలో శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుని ఉండడం చూసి నాకు కలిగిన బాధ, కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వచ్చిన ప్లంబరు పాత వాల్వునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. అసలు విషయం అప్పుడు తెలిసింది. ఇక్కడి రేడియేటర్లకు ఉండేది బ్రిటిష్ కొలత మర, దాన్ని బి.ఎస్.పి. అంటారు. మాకు వచ్చినది అమెరికాలో వాడే ఎన్.పి.టి. మర. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. బయటి వ్యాసం కూడా రెండింటికీ దాదాపు 21 మిల్లీమీటర్లే. అందుకే మొదట చక్కగా తిరుగుతుంది. కానీ బ్రిటిష్ మర గాడి కోణం 55 డిగ్రీలు, అమెరికా మరది 60. పైగా అమెరికా మర కొస వైపు సన్నబడుతూ ఉంటుంది. మా పాతది మొదలు నుంచి కొస దాకా ఒకే లావు, దాని మెడలో నీటిని ఆపే రబ్బరు రింగు ఉంది. కొత్తదానికి ఆ రింగే లేదు. మేము బలవంతంగా బిగించినప్పుడు రేడియేటర్ లోపలి మర నలిగిపోయింది. టేపు ఆ ఖాళీని కొన్నాళ్ళు కప్పింది. రోజూ వేడెక్కి చల్లారుతూ లోహం సాగి ముడుచుకుంటుంటే చివరికి టేపు వదిలేసింది. మర పాడయ్యాక అందులో ఇక సరైన వాల్వు పెట్టినా నిలవదని కొత్త రేడియేటర్ వేశాడు. కూలితో కలిపి 260 పౌండ్లు అయింది.

పైగా అది ఇత్తడి కూడా కాదు. ఆకురాయితో పక్కన గీస్తే మెరుపు పూత కింద పసుపు కనిపించాలి, బూడిదరంగు కనిపించింది. మధ్యలో ఉండే చిన్న మరమేకుకు అయస్కాంతం అతుక్కుంది. అంటే అది ఇనుము, నీటిలో మళ్ళీ తుప్పు పట్టేదే.

అమ్మినవారిని అడిగితే ‘మీరు బిగించడం రాక పాడుచేశారు’ అన్నారు. సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నారు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వస్తువు చెప్పిన వర్ణనకు తగినట్టు లేకపోతే 30 రోజులలోపు తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు అడగవచ్చు. ఆ మాట రాసి పంపాక ఆరు పౌండ్లూ ఇచ్చారు. తివాచీ సంగతి ఎత్తితే జవాబు లేదు. అమ్మకందారు ఇంకో దేశంలో ఉన్నారు, వెంటబడి అడిగే దారి మాకు దొరకలేదు. క్రెడిట్ కార్డు కంపెనీని బాధ్యత అడిగే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కూడా వస్తువు ధర వంద పౌండ్లు దాటితేనే వర్తిస్తుంది.

కాబట్టి పాత వాల్వును జేబులో వేసుకుని ప్లంబింగ్ సామాను అమ్మే దుకాణానికే వెళ్ళండి. కౌంటరు దగ్గర ఉన్నవారికి చూపించి అలాంటిదే ఇమ్మనండి. ఖరీదు పెద్దగా ఉండదు. చాలాసార్లు మొత్తం మార్చక్కర్లేదు, మధ్యలోని చిన్న మరమేకు మారిస్తే చాలు. ఇంకో మాట, ‘అర అంగుళం’ అంటే స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు పదమూడు మిల్లీమీటర్లు వస్తుందనుకోకండి. అది గొట్టం పేరు, మర బయటి వ్యాసం 21 మిల్లీమీటర్లు. అలా కొలిచి ముప్పావు అంగుళానిది కొన్నవారూ ఉన్నారు.

మీరే మార్చుకోవాలనుకుంటే బాయిలర్ ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. రేడియేటర్ ఒక వైపు వాల్వుకు ఉండే అంకెలున్న పిడిని సున్నాకు తిప్పడం చాలదు, గది చల్లబడితే గడ్డకట్టకుండా అది తనంతట తానే తెరుచుకోవచ్చు. దాని పై భాగం తీసి, మూసివేసే ప్లాస్టిక్ మూత బిగించండి. రెండో వైపు వాల్వు మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పారో రాసి పెట్టుకోండి, తెరిచేటప్పుడు అన్నే తిప్పాలి. బ్లీడ్ వాల్వు విప్పేముందు, కింద రేడియేటర్‌కూ పక్క వాల్వుకూ మధ్య ఉన్న నట్టు వదులు చేసి కొంత నీరు బేసిన్‌లోకి దించండి. కొత్తది చివరి దాకా చేత్తోనే తిరగాలి, పానా అవసరం ఆఖరి బిగింపుకే. మధ్యలో పట్టేస్తే అది మీ రేడియేటర్‌ది కాదు, విప్పేయండి.

ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో ఉంటే మీ చేతి డబ్బు అసలు పెట్టకండి. 1985 నాటి ఇంటి యజమాని, అద్దెదారుల చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం హీటింగ్ మరమ్మతు సాధారణంగా ఇంటి యజమానిదే. తడి మరక ఫొటో తీసి, రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇలాంటి ప్యాకెట్టు ఇప్పటికే బిగించుకున్నవారు ఈ రాత్రే ఒకసారి వాల్వు కింద పొడి కాగితం పెట్టి చూడండి. ఉదయానికి తడిస్తే మరింత గట్టిగా బిగించకండి. రేడియేటర్ రెండు వైపులా వాల్వులు మూసి, కింద గిన్నె పెట్టి, ప్లంబరును పిలవండి.